డ్రోన్ ఎగరేసి లెవెల్స్ ఇస్తున్న వారికి, ఆ లెవెల్స్ మీద రోడ్లు వేస్తున్న వారికి బహిరంగ లేఖ

హైదరాబాద్ శివార్లలో నిర్మాణ పనులకు డ్రోన్ సర్వే చేస్తున్న సంస్థల నిర్వాహకులకు, ఆ సర్వే చూసి డ్రాయింగులు గీస్తున్న ఇంజనీర్లకు, బిల్డర్లకు.
నకలు: పురపాలక, సాగునీటి శాఖల అధికారులకు.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నగరానికి తూర్పున, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక లేఅవుట్ ప్లాట్ ఓనర్ల సంఘం తరఫున ఈ లేఖ రాస్తున్నాం. మీ పని అంటే మాకు చిన్నచూపు లేదు. టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పట్టుకుని నలుగురు మనుషులు రోజుల తరబడి తిరిగే చోట మీ డ్రోన్ పొద్దుటి పూటే పని ముగించేస్తుంది. అందుకే మిమ్మల్ని పిలిచాం. కానీ మాకిచ్చిన లెవెల్స్, అంటే నేల ఎక్కడ ఎంత ఎత్తుందో చెప్పే లెక్కలు, తప్పి వాన నీళ్లు మా ఇళ్లలోకి మళ్లాయి.

మాకు సర్వే చేసిన సంస్థ పేరు ఇందులో రాయడం లేదు. రాస్తే ఇది ఒక సంస్థకీ ఒక కాలనీకీ మధ్య గొడవగా మిగిలిపోతుంది. పక్క కాలనీల వాళ్లతో మాట్లాడితే అక్కడా ఇదే తంతు. ముందు ఆ సంస్థకు రాశాం. తర్వాత కాంట్రాక్టర్‌ను అడిగాం. ఆ తర్వాత ఆఫీసులో అర్జీ పెట్టాం. రసీదు ఉంది, జవాబు లేదు. అందుకే ఇప్పుడు నలుగురిలో అడుగుతున్నాం.

జరిగింది ఇదీ.

మా లేఅవుట్ నేల ఉత్తరం నుంచి దక్షిణానికి వాలుగా ఉంటుంది. ఎగువన పాత చెరువు, దిగువన నాలా. ఇళ్లు పలచగా ఉన్న రోజుల్లో వాన నీళ్లు ఖాళీ ప్లాట్ల మీదుగా వాటి దారిన అవి పోయేవి. ఇప్పుడు ప్లాట్లు నిండుతున్నాయి. కట్టే ప్రతివాడూ పక్కింటి కన్నా జానెడు ఎత్తు బేస్‌మెంట్ లేపుతున్నాడు. ఇలాగైతే లాభం లేదని, వరద కాలువ, సీసీ రోడ్డు ఒకేసారి వేసుకోవాలని తీర్మానించాం. పక్కనే అపార్ట్‌మెంట్ కడుతున్న బిల్డర్ కూడా ఖర్చులో పాలు పంచుకుంటానన్నాడు. మొత్తం స్థలానికి కాంటూర్ మ్యాప్ (ఎత్తుపల్లాలను గీతల్లో చూపే పటం), రోడ్లకు లెవెల్స్ కావాలని డ్రోన్ సర్వేకు ఇచ్చాం. వచ్చిన కొటేషన్లలో మధ్యరకం దాన్నే తీసుకున్నాం. చవకకు ఆశపడ్డారన్న మాట రాకూడదనే ఇది చెప్పడం.

సెప్టెంబర్‌లో ఎగరేశారు. అప్పటికి ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ నడుమెత్తు పెరిగి ఉంది. సంఘం ఆఫీసు మేడ మీద నుంచి డ్రోన్ లేపిన కుర్రాడు టిఫిన్ వేళకల్లా సర్దుకున్నాడు. నేల మీద ఎక్కడా ఒక్క సున్నం గుర్తు పెట్టలేదు. మా సంఘంలో నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన ఇంజనీరు ఒకాయన ఉన్నారు. "గ్రౌండ్ పాయింట్లు పెట్టరా బాబూ?" అని అడిగితే, "ఆర్‌టీకే ఉంది సర్, అక్కర్లేదు" అన్నాడు. డ్రోన్ జీపీఎస్ తప్పును ఎగురుతుండగానే సరిదిద్దే పద్ధతి అది.

రిపోర్టు వచ్చింది. ఎరుపు నుంచి నీలం దాకా రంగులు, మెలికలు తిరిగిన గీతలు. వాట్సాప్ గ్రూపులో అందరూ మురిసిపోయారు. కాకపోతే నాలుగో లైనులో చిన్న గుట్ట కనిపించింది. అక్కడ ఏ గుట్టా లేదు. ఆ పొద్దున అక్కడ వాటర్ ట్యాంకర్ ఆగి ఉంది. కాంటూర్ గీతలు ట్యాంకర్ చుట్టూ ఒద్దికగా తిరిగి, దాన్ని కొండను చేసి కూర్చోబెట్టాయి. ఫోన్ చేసి చెబితే, "సాఫ్ట్‌వేర్ అలాగే తీసుకుంటుంది సర్, ఎడిట్ చేసి పంపిస్తాం" అన్నారు. ట్యాంకర్ లేని మ్యాప్ వచ్చింది. ట్యాంకర్ కాబట్టి కంటికి ఆనింది. వయ్యారిభామ పొదలన్నీ నేలగానే మిగిలిపోయాయి, వాటిని ఎవరూ పట్టుకోలేదు.

ఆ లెవెల్స్ మీదే రోడ్డు పడింది, కాలువ పడింది. జూన్‌లో మొదటి గట్టి వానకే దిగువ లైనులో నీళ్లు నాలా వైపు పోకుండా ఇళ్లలోకి మళ్లాయి. నీరు పల్లమెరుగు అంటారు. పల్లం ఎక్కడుందో మీ రిపోర్టుకు తెలియలేదు, నీటికి తెలిసింది.

అప్పుడు ఆ రిటైర్డ్ ఇంజనీరుగారే ఆటో లెవెల్ (ఎత్తులు చూసే దుర్భిణి), స్టాఫ్ (అంకెలున్న కొలకర్ర) తెప్పించి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద టీబీఎం (ఎత్తులన్నీ కొలవడానికి ఆధారంగా పెట్టుకునే తాత్కాలిక గుర్తు) పెట్టుకుని, దిగువ లైను మొత్తం చూశారు. రోడ్డు వేయడానికి ముందున్న నేల గుర్తులు పాత ఇళ్ల బేస్‌మెంట్ల మీద, కరెంటు స్తంభాల మీద ఇంకా ఉన్నాయి. వాటికీ రిపోర్టుకూ తేడా కొన్నిచోట్ల రెండు మూడు అంగుళాలే. పిచ్చిమొక్కలు పెరిగిన ప్లాట్ల పక్కన అడుగున్నర. అన్నిచోట్లా ఒకే తేడా ఉంటే పెద్ద నష్టం లేదు, వాలు వాలుగానే ఉంటుంది. చోటుకో రకంగా ఉంటేనే కాలువ చెడుతుంది. దిగువ లైను కాలువ పొడవు సుమారు 200 మీటర్లు. 1:200 వాలు పెట్టినా ఆ చివరి నుంచి ఈ చివరికి దిగేది ఒక్క మీటరు. అందులో అడుగున్నర తప్పితే ఇక మిగిలేదెంత?

సంస్థ ఇచ్చిన సంజాయిషీ ఏమిటంటే, రిపోర్టు చివరి పేజీ అడుగున సన్న అక్షరాల్లో "ఇది విజువలైజేషన్ కోసం మాత్రమే" అని రాసి ఉందట. కొటేషన్‌లో మాత్రం "ఇంజనీరింగ్ గ్రేడ్ కాంటూర్ సర్వే" అని లావు అక్షరాల్లో ఉంది. కాంట్రాక్టర్ "మీరిచ్చిన లెవెల్స్ ప్రకారమే వేశాను" అన్నాడు. ఆఫీసులో "అది మీ ప్రైవేటు ఏర్పాటు" అన్నారు. ఎవరికి వారే యమునా తీరే.

దీనివల్ల ఎవరి మీద ఏం పడిందో వరుసగా చెబుతాం.

1. దిగువ లైను ఇళ్లు. అందులో ఒక ఇల్లు చెప్తే చాలు. వీధిలోంచి ఇంట్లోకి మూడు మెట్లు ఉండేవి. ఇప్పుడు మొదటి మెట్టు రోడ్డు కింద ఉంది, రెండోది రోడ్డుతో సమానం. కారు ఎక్కే ర్యాంపు ఇప్పుడు ఇంటి వైపుకు వాలి ఉంది. గేటు దగ్గరే సంపు, దాని మూత మీదుగా కాలువ నీళ్లు. సంపు కడిగించడం, మోటారు మార్పించడం, బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో పరీక్ష చేయించడం, అంతా ఆ ఇంటావిడే చూసుకున్నారు. భర్త గల్ఫ్‌లో ఉంటారు. కింది పోర్షన్‌లో అద్దెకున్న వాళ్లు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని ఒక వానాకాలం నెట్టుకొచ్చి, ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ అద్దెతోనే ఆమె ఇంటి లోను ఈఎంఐ కట్టేది. మబ్బు పడితే చాలు ఆ లైనులో టెన్షన్. పెద్దవాళ్లు రాత్రి లేచి వీధిలైటు వెలుగులో రోడ్డు మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసుకుంటున్నారు.

ఇంకో విషయం మరవొద్దు. 2020 అక్టోబర్ 13న మా తూర్పు వైపు, ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది. 30 సెంటీమీటర్లంటే ఎకరం మీద 12 లక్షల లీటర్లు. అలాంటి వాన మళ్లీ వస్తే ఈ రోడ్డు ఆ నీళ్లను ఎటు పంపుతుందో ఆలోచించండి. జూన్‌లో మాకు పడింది అందులో పదో వంతు కూడా కాదు.

2. డబ్బు. రోడ్డు, కాలువ సంఘం సభ్యుల చందాలతో వేసినవి. ప్లాటు కొని ఇంకా కట్టని వాళ్లలో చిన్న ఉద్యోగులున్నారు, పెన్షనర్లున్నారు, ఊళ్లో పొలం అమ్మి పిల్లల కోసం ఇక్కడ గజాలు కొన్న రైతులున్నారు. ఒకసారి ఇచ్చారు. "లెవెల్ తప్పింది, పగలగొట్టి మళ్లీ వేయాలి" అంటే రెండోసారి ఎవరిస్తారు? ఇవ్వమని అడిగే ముఖం కమిటీకి ఎక్కడుంది?

మట్టి లెక్క కూడా ఉంది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఎకరం మీద లెవెల్ 10 సెంటీమీటర్లు తప్పితే 400 క్యూబిక్ మీటర్ల మొరం అటో ఇటో అవుతుంది. 10 క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పర్లయితే 40 ట్రిప్పులు. బిల్డర్లు ఇది బాగా ఎరుగుదురు. తవ్వకం బిల్లులు, ఫిల్లింగ్ బిల్లులు ఇప్పుడు డ్రోన్ వాల్యూమ్ లెక్కల మీదే పాస్ అవుతున్నాయి. ఆ తప్పు ఎటు మొగ్గినా ఖర్చు చివరికి ఫ్లాటు కొనేవాడి ధరలో కలుస్తుంది.

3. చెరువు. ఇది మాకు జరిగింది కాదు, జరగబోతోందని భయపడుతున్నది. చుట్టుపక్కల వెంచర్ల బ్రోచర్లలో డ్రోన్ ఫొటో వేసి, దాని మీద చెరువు చుట్టూ గీత గీసి, "ఎఫ్‌టీఎల్ బయటే" అని రాస్తున్నారు. ఆ ఫొటో తీసింది ఏప్రిల్‌లో. ఏప్రిల్‌లో చెరువు సగానికి సగం ఎండి ఉంటుంది. ఎండలో తీసిన ఫొటోలో నీటి అంచు ఎక్కడుందో అది ఎఫ్‌టీఎల్ కాదు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే మట్టం ఎఫ్‌టీఎల్. అలుగు మట్టం, నేల కాంటూర్, రెవెన్యూ రికార్డు చూసి దాన్ని నిర్ణయించేది, నోటిఫై చేసేది ప్రభుత్వం. ఆ గీత దాటాక కూడా బఫర్ ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు. వెడల్పు 10 మీటర్లు దాటిన నాలాకు 9 మీటర్లు, అంతకు లోపు నాలాకు 2 మీటర్లు.

2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ గీతలు ఎంత దూరం తీసుకెళ్తాయో అందరం చూశాం. కూల్చివేత రోజున బ్రోచర్ వేసినవాడు అక్కడ ఉండడు, డ్రోన్ ఎగరేసినవాడు ఉండడు. ఇరవై ఏళ్ల లోను తీసుకున్నవాడు ఉంటాడు. బ్రోచర్ ఫొటో మీద ఆ గీత గీసి ఇవ్వమని బిల్డర్ అడిగితే, "అది మా పని కాదు" అనే సర్వే సంస్థలు ఎన్ని? ఆ మాట అనేవాళ్లు ఉంటే వాళ్లకు మా దండం.

4. హద్దులు. ఫొటోలో ప్రహరీ కనిపిస్తుంది, హద్దు కనిపించదు. రెండూ ఒకటి కావు. మీ మ్యాప్ మీద గీతలు చూసి మా కాలనీలో ఇద్దరు పక్కింటివాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. హద్దు తేల్చేది టిప్పన్, నక్షా (పాత భూమి కొలతల రికార్డు, పటం) చూసి, గొలుసు పట్టించి, రాళ్లు పాతించే సర్వేయర్. మీ షీటు మీద ఆ ముక్క రాయడానికి ఒక్క లైను చాలు.

5. మేడలు. రెండో విడత ఎగరేయడానికి వచ్చినప్పుడు ముందు చెప్పలేదు. ఆడవాళ్లు మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్నారు, వడియాలు పెట్టుకుంటున్నారు, ఒకింట్లో బాలింత ఎండకు కూర్చుంది. ఆ ఫొటోలన్నీ ఏ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయో, ఎన్నాళ్లు ఉంటాయో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు లోపం ఎక్కడుందో మీకే చెప్పడం సాహసమే. అయినా మాలాంటి కాలనీల వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి తెలిసినంత రాస్తాం.

మామూలు కెమెరా డ్రోన్ ఫొటోకు అంటించే జీపీఎస్ ఎత్తులో తప్పు మీటర్లలో ఉంటుంది. ఆర్‌టీకే, పీపీకే (ఎగిరాక సరిదిద్దే పద్ధతి) ఉన్న డ్రోన్ దాన్ని సెంటీమీటర్లకు దింపగలదు, నిజమే. దింపిందో లేదో తెలిసేది మాత్రం నేల మీదే. గుర్తులు పెట్టి, వాటి ఎత్తు కచ్చితమైన జీపీఎస్ పరికరం డీజీపీఎస్‌తోనో ఆటో లెవెల్‌తోనో తీసుకోవాలి. వాటిలో కొన్నింటికి ఫొటోల నుంచి తయారైన నేల మోడల్‌ను కట్టాలి. మిగతా కొన్నింటిని లెక్కలో కలపకుండా పక్కన పెట్టి, చివర్లో మోడల్ ఇచ్చిన ఎత్తుకూ నేల మీద కొలిచిన ఎత్తుకూ తేడా చూడాలి. వీటినే చెక్ పాయింట్లు అంటారు. ఆ తేడాల పట్టిక మహా అయితే ఒక పేజీ. మాకిచ్చిన నలభై చిల్లర పేజీల రిపోర్టులో ఆ ఒక్క పేజీ లేదు.

పిచ్చిమొక్కల సంగతి ఇంకా సులువు. ఫొటోలతో చేసే సర్వేకు కనిపించిందే నేల. గడ్డి కనిపిస్తే గడ్డి తల నేల, చెట్టు కనిపిస్తే చెట్టు తల నేల. లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ అయితే ఆకుల సందుల్లోంచి కొంత కిందికి దిగుతుంది, అదీ దట్టమైన పొదల్లో పూర్తిగా కాదు. కాబట్టి ఎండాకాలంలో ఎగరేయాలి, లేదా ముందు కలుపు కొట్టించాలి, లేదా ఆ ప్లాట్లలో మనిషి దిగి స్టాఫ్ పెట్టి లెవెల్ తీయాలి. ఈ మూడింటిలో ఏదీ చేయకుండా కాంటూర్ గీయడం తెలిసి చేసిన పనే.

మరో వింత. మా మొదటి రిపోర్టులో కాలనీ ఎత్తు నాలుగు వందల చిల్లర మీటర్లని ఉంది. ఇక్కడి నేల సముద్ర మట్టానికి అంతకన్నా ఎంతో పైన ఉంటుందని రోజూ రైలెక్కే వాడికి కూడా తెలుసు, స్టేషన్ బోర్డు మీదే రాసి ఉంటుంది. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమికి లెక్కల్లో ఊహించుకున్న నున్నటి ఆకారం నుంచి కొలిచేది. సముద్ర మట్టం ఎత్తు వేరు. హైదరాబాద్‌లో ఈ రెండింటికీ తేడా సుమారు 75 మీటర్లు. అపార్ట్‌మెంట్ బిల్డర్ డ్రాయింగులు ఒక లెక్కలో, మా రోడ్డు ఇంకో లెక్కలో ఉన్నాయి. రెండు కాలువలూ కలిసే చోట ఏం జరిగి ఉంటుందో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ లెక్కో రిపోర్టు మొదటి పేజీలో రాయడానికి ఖర్చేమీ లేదు.

ఇక మేం అడుగుతున్నవి. మొదటి నాలుగూ సర్వే సంస్థలకు, తర్వాతవి మిగతా వారికి.

1. చెక్ పాయింట్ల పట్టిక లేకుండా ఏ కాంటూర్ మ్యాప్‌నూ, ఏ లెవెల్ షీటునూ చేతికివ్వొద్దు. ఆ పట్టిక కింద బాధ్యుడైన మనిషి పేరు, సంతకం ఉండాలి. టీబీఎం ఎక్కడ పెట్టారో ఫొటోతో చూపాలి. అది రోడ్డు పని అయ్యేదాకా చెరగని చోట ఉండాలి. ఎత్తులు సముద్ర మట్టం నుంచా, ఎలిప్సాయిడ్ నుంచా, టీబీఎంను 100గా పెట్టుకున్నవా అన్నది తెలుగులో రాయాలి. మా కమిటీల్లో అందరూ ఇంజనీర్లే ఉండరు.

2. "విజువలైజేషన్ కోసం మాత్రమే" అనే మాట ఉంటే కొటేషన్ మొదటి పేజీలో, ధర పక్కనే ఉండాలి. వీడియో, ఫొటో మాత్రమే కావాల్సిన వాళ్లకు అది చాలు, తక్కువకే ఇవ్వండి. లెవెల్స్‌కు డబ్బు తీసుకుని చివరి పేజీలో చేతులు దులుపుకోవడం కుదరదు.

3. డ్రోన్ తెచ్చే ముందే కాగితాలు చూపండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం డ్రోన్‌కు యూఐఎన్ (రిజిస్ట్రేషన్) నంబరు ఉండాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి నడిపే మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. థర్డ్ పార్టీ బీమా ఉండాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ఎల్లో జోన్, ముందస్తు అనుమతి లేకుండా లేపకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఇలా నాలుగు చోట్ల విమానాలు దిగే నగరం మనది. నియమాలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. పెళ్లి వీడియోలు తీసే డ్రోన్ పట్టుకొచ్చి "సర్వే టీం" అని బోర్డు కట్టుకునే వాళ్లను మీ రంగం వాళ్లే ముందు బయటపెట్టాలి. వాళ్ల వల్ల నష్టం మాకెంతో మీకూ అంతే.

4. ఎగరేసే ముందు రోజు కాలనీ గ్రూపులో సమయం చెప్పండి. ఒరిజినల్ ఫొటోలు, పాయింట్ క్లౌడ్ (ఫొటోల నుంచి వచ్చిన ఎత్తుల బిందువుల ఫైలు), అన్నీ డబ్బు కట్టిన సంఘానికి ఇవ్వండి. పని అయ్యాక మీ దగ్గర ఎన్నాళ్లు ఉంచుకుంటారో రాసివ్వండి. ఇళ్లు, మేడలు కనిపించే ఫొటోలను మీ ప్రచారానికి వాడొద్దు.

5. ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు: రోడ్డు ఫార్మేషన్ మొదలుపెట్టే ముందు ఆటో లెవెల్‌తో పది పన్నెండు చోట్ల సరిచూసుకోవడం అర పూట పని. మీరు ఏళ్ల తరబడి చేసిన పనే అది. డ్రోన్ రిపోర్టు చేతిలో ఉందని స్టాఫ్‌ను షెడ్డులో పెట్టేయొద్దు. ఇళ్ల గడపలు రోడ్డు కన్నా కిందికి పోతున్నాయని మేస్త్రీకి కూడా కనిపించింది. "పైనుంచి డ్రాయింగ్ వచ్చింది" అన్న మాటతో అతను నోరు మూసుకున్నాడు.

6. బిల్డర్లకు: డ్రోన్ ఫొటో మీద ఎఫ్‌టీఎల్ గీత గీసి అమ్మకాలకు వాడటం వెంటనే ఆపాలి. నోటిఫై అయిన ఎఫ్‌టీఎల్ మ్యాప్ ఉంటే దాన్నే వేయండి, తేదీతో సహా. తుది నోటిఫికేషన్ కాకపోతే కాలేదని రాయండి.

7. అధికారులకు: 2025 డిసెంబర్‌లో శివార్లలోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. మాలాంటి లేఅవుట్లు ఇప్పుడు నగరం లెక్కలోకి వచ్చాయి. వీటిలో చాలాచోట్ల రోడ్లు, కాలువలు జనం సొంత చందాలతో వేసుకున్నవే. మేం డబ్బులు అడగడం లేదు, రెండు పనులు అడుగుతున్నాం. ఒకటి, కాలనీ సంఘం వేసే రోడ్డు అయినా సరే, లెవెల్స్ షీటు, చెక్ పాయింట్ల పట్టిక వార్డు ఇంజనీరు చూసి, ఎగువ దిగువ కాలువలతో కలుస్తుందని నిర్ధారించాకే పని మొదలవ్వాలి. "ప్రైవేటు ఏర్పాటు" అన్నారు సరే, ఆ రోడ్డు మీంచి పోయే నీళ్లు వెళ్లి చేరేది మీ నాలాలోకే కదా. రెండు, ప్రతి వార్డులో సముద్ర మట్టం లెక్క చెక్కిన శాశ్వత బెంచ్‌మార్క్ రాళ్లు కొన్ని పాతించండి. బడి ప్రహరీ పక్కన, వార్డు ఆఫీసు ముందు, వాటర్ ట్యాంకు కింద, జనం కదపని చోట. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా తన వాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థ మన ఉప్పల్‌లోనే ఉంది. మనిషి కోసం, పరికరం కోసం ఢిల్లీ వెళ్లాల్సిన పని కాదు. ఆ రాళ్లుంటే ఏ డ్రోన్ వచ్చినా, ఏ కాంట్రాక్టర్ వచ్చినా అందరూ ఒకే లెక్క నుంచి మొదలుపెడతారు. మాకు తెలిసి ఈ లేఖలో అన్నిటికన్నా చవకైన పని ఇదే, దీనివల్ల వచ్చే లాభమే ఎక్కువ.

మాకు సర్వే చేసిన సంస్థకు విడిగా ఒక మాట. దిగువ లైను కాలువ మళ్లీ వేయడానికి అయ్యే ఖర్చులో మీ వాటా ఎంతో కూర్చుని మాట్లాడుకుందామని ముందే రాశాం. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాం. వచ్చే వానాకాలం లోపు అది తేలకపోతే, నష్టపోయిన ఇళ్లవాళ్లు ఎవరికి వారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తారు. సేవకు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపున్న కేసులు అక్కడే నడుస్తాయి. కొటేషన్, రిపోర్టు, మీ చివరి పేజీ, ఆటో లెవెల్ రీడింగులు, రోడ్డు వేయక ముందు తర్వాత తీసిన ఫొటోలు అన్నీ ఫైలు చేసి పెట్టాం.

ఇవే ఇబ్బందులు పడుతున్న వేరే కాలనీల వాళ్లు, లేదా "మేం ఇలా చేయం, చెక్ పాయింట్లు పెట్టే చేస్తాం" అని చూపించగల సర్వే సంస్థల వాళ్లు ఎవరైనా వచ్చి ఆ ఫైలు చూడొచ్చు. ఆదివారం పొద్దున సంఘం ఆఫీసు తెరిచే ఉంటుంది. రిటైర్డ్ ఇంజనీరుగారు కూడా అక్కడే ఉంటారు. స్టాఫ్ పట్టుకోవడానికి ఒక మనిషి తోడుంటే లైను మొత్తం మళ్లీ చూపిస్తానన్నారు.

ఇట్లు,
ప్లాట్ ఓనర్ల సంక్షేమ సంఘం తరఫున,
కార్యదర్శి
హైదరాబాద్ తూర్పు శివారు